డైట్ మొదలుపెట్టే ముందు స్తోత్రం: ఒక విశ్వాసి తిండి అలవాట్లు ఎలా మార్చుకోవాలి

బరువు తగ్గాలి అనుకున్న ప్రతిసారీ నేను అద్దం ముందే మొదలుపెట్టేదాన్ని. అద్దంలో చూసుకోవడం, నా ఒళ్ళంటే నాకే అసహ్యం వేయడం, ఆ కోపంలో రేపట్నుంచి అది తినను ఇది తినను అని పెద్ద లిస్ట్ రాసుకోవడం, నాలుగో రోజుకి నీరసం, పదో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటగదిలో నిలబడి చేతికి ఏది దొరికితే అది తినేయడం, ఆ తర్వాత ప్రార్థనకి మోకాళ్ళ మీద ఉండాలన్నా మొహం చెల్లకపోవడం. ఇలా చాలా ఏళ్ళు గడిచాయి. చివరికి రక్త పరీక్షలో షుగర్ బోర్డర్‌లో ఉంది అని డాక్టర్ చెప్పిన రోజు ఇంటికొచ్చి బైబిల్ తీసుకుని తిండి గురించి ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. అప్పుడు 1 తిమోతి 4వ అధ్యాయంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. దేవుడు సృష్టించిన ప్రతీదీ మంచిదే, కృతజ్ఞతాస్తుతులతో పుచ్చుకుంటే ఏదీ పారేయాల్సింది కాదు అంటాడు పౌలు.

ప్రతి భోజనానికి ముందు మనం స్తోత్రం చెప్తాం కదా, మరి నా డైట్‌లో ఆ స్తోత్రం ఎక్కడుంది అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఎక్కడా లేదు. తినకుండా ఉన్నప్పుడు గర్వం, తిన్నప్పుడు సిగ్గు, ఈ రెండే ఉన్నాయి. కాబట్టి ఇక్కడ నేను చెప్పేవన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఇది, ఇంత, ఇలా తింటూ నేను దేవునికి మనస్ఫూర్తిగా స్తోత్రం చెప్పగలనా? ఈ ప్రశ్న పట్టుకుని ఒక్కో మెట్టు ఎలా ఎక్కాలో చూద్దాం.

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి

ప్రార్థనతో మొదలుపెట్టమని చెప్తారనుకుని చదువుతున్నారేమో, ప్రార్థన చేసుకునే వెళ్ళండి, కానీ వెళ్ళండి. బీపీ, షుగర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్ లాంటి పరీక్షల్లో మీకు ఏవి అవసరమో డాక్టర్ చెప్తారు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే బరువు పెరుగుతుంది, కొన్ని మందుల వల్ల కూడా పెరుగుతుంది, అది తెలియక నాకు ఆశానిగ్రహం (కోరికల్ని అదుపులో పెట్టుకునే శక్తి) లేదు, నేను పాపిని అని ఏళ్ళ తరబడి ఏడ్చేవాళ్ళు ఉన్నారు. శరీరంలో ఉన్న జబ్బుని ఆత్మలో ఉన్న పాపం అనుకోకండి. సువార్త రాసిన లూకాని పౌలు ప్రియమైన వైద్యుడు అని పిలిచాడు, వైద్యం చేయించుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. అదే పౌలు తిమోతికి మాటిమాటికీ వచ్చే బలహీనత గురించి, కడుపు గురించి ఏం పుచ్చుకోవాలో సలహా ఇచ్చాడు తప్ప నువ్వు సరిగ్గా ప్రార్థించట్లేదు అనలేదు.

ఎందుకు తగ్గాలో ఒక్క వాక్యంలో రాయండి

కాగితం తీసుకుని రాయండి. మనసులో అనుకోవడం వేరు రాయడం వేరు, రాసినప్పుడే నిజం బయటపడుతుంది. నేను మొదట రాసింది ఏంటంటే, పెళ్ళిలో అందరూ నన్ను చూసి సన్నబడ్డావు అనాలి. నిజం అదే. దాన్ని కొట్టేసి మళ్ళీ రాయడానికి నాకు వారం పట్టింది.

ఈ చోట అందరూ తెచ్చే వాక్యం 1 కొరింథీయులకు 6:19, మీ దేహం పరిశుద్ధాత్మకి ఆలయం అని. దయచేసి ఒక్కసారి ఆ భాగం మొత్తం చదవండి. పౌలు అక్కడ మాట్లాడేది బరువు గురించి కాదు, జారత్వం అంటే లైంగిక పాపం గురించి. మీరు మీ సొత్తు కాదు, విలువపెట్టి కొనబడినవాళ్ళు అని చెప్పి దేహంతో దేవుణ్ణి మహిమపరచమంటాడు. ఆ సూత్రం తిండికి కూడా వర్తిస్తుంది, కాదనను, కానీ లావుగా ఉన్న విశ్వాసిని పట్టుకుని నీ ఆలయాన్ని పాడుచేస్తున్నావు అని కొట్టడానికి ఆ వాక్యాన్ని కర్రలా వాడకూడదు. ఆ వాక్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క కొనబడ్డారు అన్నది. నేను సన్నబడ్డాక నన్ను కొనలేదు. ఎలా ఉన్నానో అలాగే ఉన్నప్పుడు కొన్నాడు.

ప్రవక్త సమూయేలు కొత్త రాజుని అభిషేకించడానికి యెష్షయి ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తు, రూపం చూసి ఇతనే అనుకున్నాడు. మనుషులు పైరూపాన్ని చూస్తారు, యెహోవా హృదయాన్ని చూస్తాడు అని అక్కడే చెప్పాడు దేవుడు. ఇది బాగా గుర్తుపెట్టుకుని రాస్తే మీ వాక్యం మారిపోతుంది. మోకాళ్ళ నొప్పి లేకుండా మెట్లెక్కాలి, పిల్లలతో ఆడుకునే ఓపిక ఉండాలి, అమ్మని చూసుకోవడానికి నేను ఆరోగ్యంగా ఉండాలి, షుగర్ అదుపులోకి రావాలి, ఇలాంటివి. ఇవి స్తోత్రంతో అడగగలిగే కారణాలు.

ఏడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి

ఇది చాలామంది దాటేస్తారు, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని వారం రోజులు తిన్న ప్రతీదీ రాయండి, కాలరీలు లెక్కపెట్టక్కర్లేదు, ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎవరితో, తినే ముందు మనసు ఎలా ఉంది, అంతే. తప్పొప్పులు రాయకండి. చేతులు కడుక్కునే ముందే రాసేయండి, సాయంత్రం గుర్తుచేసుకుని రాద్దాం అనుకుంటే సగం మర్చిపోతాం.

వారం అయ్యాక కూర్చుని చదివితే ఒక బొమ్మ కనిపిస్తుంది. నాకు కనిపించింది ఏంటంటే మధ్యాహ్నం భోజనంతో నాకు సమస్యే లేదు, సమస్యంతా రాత్రి 10 తర్వాత, అది కూడా ఇంట్లో మాటా మాటా అనుకున్న రోజుల్లో. అంటే నాకు ఆకలి కడుపులో లేదు, మనసులో ఉంది. దాన్ని తిండితో తీర్చాలని చూస్తున్నాను, అది తీరదు కాబట్టి ఎంత తిన్నా ఇంకా కావాలనిపిస్తుంది.

ఇక్కడ ప్రవక్త ఏలీయా కథ చదవండి, 1 రాజులు 19. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన మనిషి యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఏం చేశాడు? ముందు నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి లేపి తినమన్నాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు. మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి తినమన్నాడు. ఆ తర్వాత 40 రాత్రింబగళ్ళు నడిచి హోరేబు కొండకి వెళ్ళాకే మాట్లాడాడు. అలసిపోయిన మనిషికి నిద్ర కావాలి, ఆకలేసిన మనిషికి రొట్టె కావాలి, భయపడిన మనిషికి దేవుని స్వరం కావాలి, మూడూ వేరు వేరు. మీ నోట్‌బుక్‌లో ప్రతి లైను పక్కన ఇది ఏ ఆకలి అని రాయండి: కడుపుదా, అలసటదా, ఒంటరితనందా, ఊరికే ఏమీ తోచకా. కడుపుది అయితే హాయిగా తినండి. మిగతావాటికి మందు వేరే ఉంది, ఫోన్ చేసి ఎవరితోనైనా మాట్లాడటం, పడుకోవడం, కీర్తనలు చదువుతూ ఏడవడం కూడా.

స్తోత్రం చెప్పే పద్ధతి మార్చండి

మనం భోజనం ముందు చేసే ప్రార్థన పది సెకన్లలో అయిపోతుంది, నోరు చెప్తూ ఉంటుంది కళ్ళు కంచం మీద ఉంటాయి. నేను చేసింది ఇది. వడ్డించుకున్నాక కూర్చుని (నిలబడి కాదు, ఫోన్ పక్కన పెట్టి) మూడు నిదానమైన ఊపిర్లు తీసుకుని, కంచంలో ఉన్నవాటిలో ఒకదాని పేరు చెప్పి దానికి థాంక్స్ చెప్పడం, పండించినవాళ్ళకోసం వండినవాళ్ళకోసం ఒక్క మాట ప్రార్థించడం, చివర్లో నాకు ఎంత కావాలో అంత దగ్గర ఆగే మనసు ఇవ్వు అని అడగడం. మొత్తం ఒక్క నిమిషం.

సగం తిన్నాక ఇంకోసారి ఆగండి. చేయి కంచంలోంచి తీసి నీళ్ళు ఒక గుక్క తాగి, ఇంకా ఆకలిగా ఉందా లేక రుచిగా ఉంది కాబట్టి తింటున్నానా అని చూసుకోండి. కడుపు నిండింది అనే కబురు మెదడుకి గట్టిగా చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది, ఏడు నిమిషాల్లో తినేస్తే ఆ కబురు వచ్చేసరికి రెండోసారి వడ్డించుకుని ఉంటాం.

తిండిపోతుతనం అంటే ఎక్కువ తినడం ఒకటే అనుకుంటాం. క్రీ.శ. 590 నుంచి 604 వరకు రోమ్‌లో పోపుగా ఉన్న మహా గ్రెగొరీ దీన్ని ఐదు రకాలుగా చెప్పాడు: వేళ కాకముందే తినడం, ఖరీదైనవే కావాలనడం, వండే తీరులో అతి చేయడం, మితిమీరి తినడం, ఆత్రంగా తినడం. ఆఖరిదానికి ఏశావుని ఉదాహరణగా చూపించాడు. మన బైబిల్లో చిక్కుడుకాయల వంటకం అని ఉంది చూడండి, ఏశావు జ్యేష్ఠత్వం (పెద్దకొడుకు హక్కు) అమ్ముకున్నది మాంసం కోసం కాదు స్వీట్ల కోసం కాదు, ఏ డాక్టరైనా తినమని చెప్పే వంటకం కోసం. అంటే హెల్తీ ఫుడ్ తింటూ కూడా మనిషి తిండికి బానిస కావచ్చు. రోజంతా ప్రోటీన్ ఎంత, పిండిపదార్థం ఎంత అని లెక్కేసుకుంటూ, ఎవరింటికి పిలిచినా వెళ్ళకుండా, వేరేవాళ్ళ కంచంలోకి చూసి జాలిపడుతూ బతికేవాళ్ళ సంగతి కూడా ఇదే. కడుపే దేవుడు అయిపోవడం అని ఫిలిప్పీయులకు 3:19లో ఉన్నది ఖాళీ కడుపుకి కూడా వర్తిస్తుందని నా నమ్మకం.

కంచంలో ఏముండాలి

ఇది నిజానికి సింపుల్. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. పావు వంతు ధాన్యం, వీలైనంతవరకు పాలిష్ తక్కువ పట్టింది. ఇంకో పావు పప్పుధాన్యాలు, గుడ్డు, చేప, మాంసం, పెరుగు లాంటి ప్రోటీన్ ఉన్నవాటిలో మీరు తినేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్కలు గుర్తుంచుకుంటే చాలు: పండ్లు, కూరగాయలు కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు, ఉప్పు 5 గ్రాముల లోపు అంటే ఒక టీస్పూన్ కూడా నిండకుండా, కలిపిన చక్కెరలు మొత్తం కాలరీల్లో 10 శాతం లోపు, 5 శాతం లోపు అయితే ఇంకా మంచిది.

ఈ చక్కెర లెక్క కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రోజుకి 2000 కాలరీలు తినే మనిషికి 10 శాతం అంటే 50 గ్రాములు, సుమారు 12 టీస్పూన్లు. వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా. కానీ 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ క్యాన్ ఒక్కదాంట్లోనే దాదాపు 35 గ్రాములు ఉంటుంది. టీ, కాఫీల్లో వేసుకునేది, బిస్కెట్లు, సాస్‌లు, తీపి పెరుగు డబ్బాలు కలిపితే ఎక్కడికో వెళ్తుంది. తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోకే వస్తాయి, సహజమైనవి కదా అని వదిలేయడానికి లేదు. పండు పండుగా తింటే పీచు ఉంటుంది, నమిలి తింటాం, అందుకే అది ఈ లెక్కలో రాదు. సామెతలు 25:16లో తేనె దొరికితే తగినంతే తిను, ఎక్కువైతే కక్కుకుంటావు అని ఉంది, తేనె చెడ్డది అనలేదు, తినొద్దు అనలేదు, తగినంత అన్నాడు.

కాబట్టి ముందు తాగేవాటి నుంచి మొదలుపెట్టండి. రెండు వారాలు తీపి డ్రింకులు మానేసి నీళ్ళు తాగండి, టీలో చక్కెర అర స్పూన్ చొప్పున తగ్గించండి, వేరే ఏమీ మార్చకండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది. ఒకేసారి పది మార్పులు చేస్తే పదీ పోతాయి.

ఒక మాట. ఏ తిండికీ పాపం అని పేరు పెట్టకండి. ఈరోజు నేను పాపం చేశాను, కేక్ తిన్నాను అంటుంటారు. మార్కు 7లో యేసు స్పష్టంగా చెప్పాడు, బయటి నుంచి లోపలికి వెళ్ళేది మనిషిని అపవిత్రుణ్ణి చేయదు, అది హృదయంలోకి కాదు కడుపులోకి వెళ్తుంది అని. కేక్ అపవిత్రం కాదు. రోజూ తింటే షుగర్ పెరుగుతుంది, అది వేరే సంగతి, దాన్ని అలాగే చెప్పుకుందాం.

ఎంత తినాలి: మన్నా లెక్క

నిర్గమకాండం 16 నాకు డైట్ పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడింది. ఎడారిలో ఇశ్రాయేలీయులకి మన్నా అనే ఆహారం ఇస్తూ ఎవరి భోజనానికి ఎంత కావాలో అంత కూర్చుకోమన్నాడు దేవుడు, మనిషికి ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత). ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తక్కువ కాలేదు. రేపటికి ఉంటుందో ఉండదో అని దాచుకున్నది పురుగుపట్టి కంపుకొట్టింది. ఇందులో భయం గురించి ఉంది. చాలామంది ఎక్కువ తినేది ఆకలితో కాదు, మళ్ళీ దొరకదేమో అన్న భయంతో. చిన్నప్పుడు లేమిలో పెరిగినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది. కఠినమైన డైట్ చేసేవాళ్ళకి కూడా అదే భయం పుడుతుంది, సోమవారం నుంచి మానేయాలి కాబట్టి ఆదివారమే అంతా తినేద్దాం అని.

దీనికి పనికొచ్చిన పద్ధతి: గిన్నెలు మీ ముందు పెట్టుకోకుండా వంటగదిలోనే వడ్డించుకుని రండి, కంచం కొంచెం చిన్నది వాడండి, అందులో పెట్టుకున్నది నిదానంగా తినండి, పది నిమిషాలాగి నిజంగా ఆకలి ఉంటే మళ్ళీ పెట్టుకోండి. మళ్ళీ పెట్టుకోవడం తప్పు కాదు. రేపు కూడా దేవుడు తిండి పెడతాడు, మా అనుదినాహారం నేడు మాకు దయచేయుము అని రోజూ అడుగుతున్నాం కదా, ఆ ప్రార్థనని కంచం దగ్గర నమ్మడం అన్నమాట. పాచిపోతుందేమో అని మిగిలినదంతా తల్లులు తినేస్తారు, అది పొదుపు కాదమ్మా, ఒక పూట తక్కువ వండండి.

దానియేలు పేరు మీద చేసే డైట్ గురించి

దానియేలు ఉపవాసం అని 10 రోజులో 21 రోజులో చేస్తుంటారు. నేనూ చేశాను, బయటికి ఉపవాస ప్రార్థన అని చెప్పి లోపల బరువు చూసుకుంటూ. ఆ అబద్ధం నన్ను చాలా బాధపెట్టింది, అందుకే దీని గురించి చెప్పాలి.

దానియేలు 1వ అధ్యాయంలో దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా రాజు భోజనం వద్దన్నది తమని అపవిత్రపరుచుకోకూడదని, అది బందీలుగా వచ్చిన బబులోను దేశంలో తాము ఎవరి మనుషులో మర్చిపోకుండా ఉండటానికి. శాకధాన్యాదులు, నీళ్ళు పది రోజులు ఇచ్చి చూడమన్నారు. పది రోజుల తర్వాత వాళ్ళు చిక్కిపోలేదు, రాజు భోజనం తిన్న కుర్రాళ్ళకంటే కళగా, పుష్టిగా కనిపించారు. అది బరువు తగ్గిన కథ కాదు. 10వ అధ్యాయంలో మూడు వారాలు రుచికరమైన ఆహారం, మాంసం, ద్రాక్షారసం ముట్టనిది దుఃఖంలో, ప్రార్థనలో ఉండి. రెండూ వేరు వేరు సందర్భాలు. మీరు ఆ మూడు వారాలు చేయాలనుకుంటే ప్రార్థన కోసం చేయండి, ఆ రోజుల్లో బరువు చూసే మిషన్ బీరువా మీద పెట్టేయండి. బరువు కోసం కూరగాయలు ఎక్కువ తినాలనుకుంటే సంతోషంగా తినండి, దానికి ఉపవాసం అని పేరు పెట్టకండి.

ఉపవాసం ఎవరు చేయకూడదో కూడా చెప్పాలి. ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళు తిండి మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, డాక్టర్ని అడగకుండా అస్సలు చేయొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, బాగా బరువు తక్కువ ఉన్నవాళ్ళు, ఒకప్పుడు తిండికి సంబంధించిన మానసిక జబ్బు పడి లేచినవాళ్ళు కూడా వద్దు. వాళ్ళు ఒక పూట ఫోన్‌కి ఉపవాసం ఉండొచ్చు. యెషయా 58లో దేవుడు నాకిష్టమైన ఉపవాసం అన్నది ఆకలితో ఉన్నవాడికి నీ ఆహారం పంచిపెట్టడం, దానికి ఎవరికీ డాక్టర్ పర్మిషన్ అక్కర్లేదు.

నడక, నిద్ర

వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి, రోజుకి 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు. రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం. శరీర సాధకం కొంచెం మట్టుకే ప్రయోజనం అని పౌలు అన్నాడు కదా అని తప్పించుకోవద్దు, కొంచెం ప్రయోజనం ఉంది అన్నాడుగా. పైగా ఆ రోజుల్లో వాళ్ళు ఊరి నుంచి ఊరికి కాలినడకనే వెళ్ళేవాళ్ళు. నడుస్తూ ప్రార్థించండి, ఒక్కో మలుపు దగ్గర ఒక్కొక్కరి పేరు పెట్టుకోండి, అరగంట ఎలా గడిచిందో తెలీదు.

పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి ఎక్కువవుతుంది, అది కూడా తీపి, నూనె ఉన్నవాటి మీదకే పోతుంది మనసు. రాత్రంతా ఫోన్ చూసి పొద్దున్న ఆశానిగ్రహం ఇవ్వు ప్రభువా అని అడిగితే, ముందు పడుకో బిడ్డా అనే అంటాడని నాకనిపిస్తుంది.

నలుగురిలో ఉన్నప్పుడు

సంఘంలో ప్రేమవిందు, ఎవరింట్లోనో పుట్టినరోజు, స్నేహితులతో భోజనం. ఇవి మానుకోకండి. యేసుని ఆయన శత్రువులు తిండిపోతు అని పిలిచారు, లూకా 7:34. ఎందుకంటే పిలిచినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చుని తిన్నాడు. పునరుత్థానం తర్వాత కూడా తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి చేపలు, రొట్టె సిద్ధం చేసి శిష్యుల్ని రండి భోజనం చేయండి అని పిలిచాడు. అలాంటి ప్రభువుని వెంబడించేవాళ్ళం డైట్ కోసం మనుషుల్ని వదులుకోకూడదు.

చేయాల్సింది ఇంతే: ఆకలితో నకనకలాడుతూ వెళ్ళకండి, ముందు ఒక పండో గుప్పెడు గింజలో తిని వెళ్ళండి. అక్కడ ఉన్నవన్నీ ఒకసారి చూసి నిజంగా ఇష్టమైనవి రెండు ఎంచుకోండి. ఎవరైనా బలవంతంగా వడ్డిస్తుంటే చాలండీ, చాలా బాగుంది, ఇక కడుపు నిండింది అని నవ్వుతూ చెప్పండి, నేను డైట్‌లో ఉన్నాను అని ఉపన్యాసం అక్కర్లేదు. రోమీయులకు 14:3 ఇక్కడ చాలా అవసరం, తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడొద్దు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దు.

ఇంకొకటి, సంఘంలో కనబడగానే ఏంటి సిస్టర్ ఇంత లావయ్యారు, ఏంటి బ్రదర్ ఇలా చిక్కిపోయారు అని పలకరించడం మానేద్దాం. ఆ మాట విని ఇంటికెళ్ళి ఏడ్చి మర్నాటి నుంచి తిండి మానేసిన అమ్మాయిలు ఉన్నారు. ఎలా ఉన్నారు, ప్రార్థన చేయాల్సింది ఏమైనా ఉందా అని అడిగితే సరిపోతుంది కదా.

పడిపోయిన రోజు

పడతారు. అందరం పడతాం. ఆ రోజు ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని పెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు ఆలోచించే పరిస్థితిలో ఉండం. నా నియమం ఇది: తర్వాతి పూట మామూలుగా, వేళకి, కంచంలో పెట్టుకుని, స్తోత్రం చెప్పుకుని తినడం. తర్వాతి పూట మానేసి శిక్ష వేసుకోవడం లేదు, రెండు గంటలు పరిగెత్తి అరిగించడం లేదు. శిక్ష సిలువ మీద అయిపోయింది, నా కడుపు మాడ్చి నేను దానికి కలిపేది ఏమీ లేదు. పైగా ఒక పూట మానేస్తే సాయంత్రానికి ఆకలి రెట్టింపై మళ్ళీ అదే గుంటలో పడతాం. ఎవరికైనా ఒక్కరికి నిజం చెప్పండి, నమ్మకమైన స్నేహితురాలికో, పాస్టర్ గారికో, పాస్టరమ్మ గారికో. దాచినది పెద్దదవుతుంది, చెప్పుకున్నది చిన్నదవుతుంది.

కానీ తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, రోజుల తరబడి తినకుండా ఉండటం, ఆపుకోలేనంతగా తినేసి కుమిలిపోవడం మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే, ఎముకలు కనిపిస్తున్నా లావుగా ఉన్నానని అనిపిస్తుంటే, దయచేసి ఈ మెట్లన్నీ ఆపేసి డాక్టర్ని, మానసిక వైద్యుణ్ణి కలవండి. అది జబ్బు, ప్రాణం తీసే జబ్బు, దానికి చికిత్స ఉంది. ప్రార్థన కూడా చేయించుకోండి, ప్రార్థన చేశాం కదా అని చికిత్స ఆపకండి.

లెక్క ఎప్పుడు చూసుకోవాలి

బరువు వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే. ఆ అంకె మీ రోజుని పాడుచేస్తోంది అనిపిస్తే నెలకొకసారి చాలు. వారానికి అర కిలో నుంచి కిలో వరకు తగ్గడం మంచి వేగం, అంతకంటే వేగంగా తగ్గిస్తాం అని చెప్పే పౌడర్ల జోలికి పోకండి, వాటిని విశ్వాసులే సంఘంలో అమ్ముతున్నా సరే. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు ఉన్న బరువులో 5 శాతం తగ్గినా బీపీ, షుగర్ మీద మంచి ప్రభావం కనిపిస్తుంది, 80 కిలోల మనిషికి అది 4 కిలోలు మాత్రమే. మూడు నెలలయ్యాక డాక్టర్ చెప్పిన పరీక్షలు మళ్ళీ చేయించుకోండి, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కాబట్టి ఆ గడువు పెట్టుకున్నాను. రిపోర్ట్ వచ్చిన సాయంత్రం మొదటి వారం నోట్‌బుక్ తీసి పక్కన పెట్టుకుని, ఈ వారం కూడా అలాగే రాయడం మొదలుపెట్టండి, ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎవరితో, మనసు ఎలా ఉంది. నా రెండో నోట్‌బుక్‌లో రాత్రి 10 తర్వాత రాసినవి మూడే మూడు లైన్లు, అందులో ఒకటి మా అమ్మతో కలిసి తిన్న పండు.